తొందరపడే చేపలు

కోడుమూరు
13 అక్టోబరు 1929

చెన్నపట్నంలో చేపల నడుమ కొలువు చేస్తున్న మా అల్లుడు సోమన్నకు, హంద్రి ఏటిలో ఇసుక తప్ప చేప ఎరగని మీ మామ మద్దయ్య దీవించి రాసేది.

ఇక్కడ అందరమూ బాగున్నాము. మీ అవ్వ గిడ్డమ్మ బాగుంది, అంటే నన్ను తిట్టే ఓపిక ఇంకా ఉంది. మీ అత్త ఉరుకుందమ్మ మోకాలి నొప్పితోనే మగ్గానికి నూలు ఆసు పోస్తున్నది. మా పిల్ల సుంకమ్మకు పదకొండో ఏడు, నా భుజం దాకా వచ్చింది. నీ ఉత్తరం వస్తే ముందు తపాలా బిళ్ల చింపుకొని, తర్వాత నాకు ఇస్తుంది.

ఊళ్లో సంగతి నీకు తెలియాలి. ఆడపిల్లకు పద్నాలుగు నిండనిదే పెండ్లి చేయరాదని సర్కారు శారదా చట్టం చేసిందని, వచ్చే ఏప్రిల్ మొదటి తేదీ నుంచి అది నడుస్తుందని నువ్వు అక్కడ పేపర్లో చదివే ఉంటావు. ఇక్కడ పేపరు చదివేవాడు ఒక్కడు, భయపడేవాళ్లు వెయ్యిమంది. ఆ తేదీలోపల ముడి వేసేయాలని ఊరంతా పెండ్లిండ్లే. పెండ్లి చీరలు నేసి నేసి మేము మగ్గం గుంతలోనే అన్నం తింటున్నాము. మేళగాళ్లు ఒక పందిట్లో మొదలుపెట్టి ఇంకో పందిట్లో ముగిస్తున్నారు. మొన్న ఒక పెండ్లికూతురు తలంబ్రాలు పోస్తూ పోస్తూ నిద్రపోయింది. వాళ్ల నాయన భుజానేసుకొని దాని బదులు ఏడడుగులూ నడిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఎందుకు నవ్వానా అనిపించింది.

నా బుద్ధి నీకు తెలుసు గదా. కర్నూలు నుంచి డాక్టరు వస్తాడనీ, పిల్లల పండ్లు చూసి వయసు కడతాడనీ సంతలో ఒక మాట వదిలాను. రెండు రోజులు ఊళ్లో ఏ ఆడపిల్లా నోరు తెరవలేదు. మీ అవ్వ చెవిన పడి నన్ను అరుగు మీదనే కడిగేసింది.

ఇక అసలు మాట. సుంకమ్మ పుట్టిన నాడు మీ అమ్మ సుబ్బక్క నీ వేలితో దాని నాలుకకు తేనె రాయించి, ఇది నా కోడలు అన్నది. ఆ ఏడే విషజ్వరంలో నా చెల్లెలూ మీ నాయనా ఒకే వారంలో పోయారు. నిన్ను పెంచింది మీ అవ్వ. ఆమె అడిగేది ఒకటే. చట్టం రాకముందే మీ ఇద్దరికీ పెండ్లి కావాలి. మాఘంలో ముహూర్తాలున్నాయి. ఎర్రగుంట్ల మీదుగా వచ్చే రైలుకు టిక్కెట్టు కొనుక్కొని రా.

నువ్వు చేపల వయసు లెక్క కడతావని మీ అత్త ఊరంతా చెప్పుకుంటోంది. చేపకు జాతకం ఎవరు రాస్తారో కాస్త వివరంగా రాయి.

ఇట్లు, నీ జవాబుకు గుమ్మం వైపు చూస్తూ,
మద్దయ్య


చెన్నపట్నం
26 అక్టోబరు 1929

నన్ను పెంచి ఇంతవాణ్ణి చేసిన మామకు, అవ్వకు, అత్తకు సోమన్న నమస్కారాలు.

మామా, మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత చాలాసేపు నవ్వలేకపోయాను. ముందు మీరడిగిన చేపల సంగతి చెబుతాను. నా మనసులోని మాటకు దారి కూడా అదే.

సముద్రపు చేపల మీద పరిశోధన చేసే దొర దగ్గర నా పని రాళ్లు అరగదీయడం. ప్రతి చేప తలలో, చెవి ఉండాల్సిన చోట, బియ్యపు గింజంత రాయి ఒకటి ఉంటుంది. దాన్ని సానరాతి మీద నూనె చుక్క వేసి మెల్లగా అరగదీస్తే, ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు లోపల పొరలు కనిపిస్తాయి. మేత దొరికిన కాలానికి వెడల్పు పొర, దొరకని కాలానికి సన్నని గీత. దొర దేశంలో చలి వల్ల ఏటికొక గీత స్పష్టంగా పడుతుందట. మన వెచ్చని నీళ్లలో ఆ గీతలను పూర్తిగా నమ్మలేమని ఆయనే అంటాడు. అయినా లెక్క పెడుతూనే ఉన్నాము. తర్వాత చేప పొట్ట కోసి, అది గుడ్డుకు వచ్చిందా లేదా అని చూస్తాము. ఎన్నేండ్ల చేప, ఎన్నేండ్లకు ఈడుకు వచ్చింది, ఈ రెండే మా పని.

కవళ్లని ఇక్కడ దొరికే చిన్న చేపలు ఏడాది తిరిగేసరికే గుడ్లు పెడతాయి. మూడేండ్లు దాటిన కవళ్ల చేప నా చేతికి ఇంతవరకూ రాలేదు. చల్లని సముద్రంలో తలుపు రెక్కంత బల్లపరుపు చేప ఉందట. అది పదేండ్లకు గాని గుడ్డుకు రాదు, నలభై ఏండ్లు బతుకుతుంది. పెద్ద సొరలు ఇంకా ఆలస్యం చేస్తాయి, ఇంకా ఎక్కువ బతుకుతాయి. ఏ సముద్రంలో చూసినా ఇంచుమించు ఇదే తీరు. తొందరగా ఈడుకు వచ్చేవి తొందరగా పోతాయి. ఆగేవి నిలుస్తాయి.

మామా, అమ్మకు తొమ్మిదో ఏట పెండ్లి చేశారు. పద్నాలుగో ఏట నన్ను కన్నది. నా తర్వాత ముగ్గుర్ని కని పోగొట్టుకున్నది. ఇరవై ఆరో ఏట విషజ్వరం వచ్చేసరికి ఆమె ఒంట్లో దానితో పోట్లాడేదేమీ మిగల్లేదు. ఈ చెవిరాళ్లు అరగదీసేటప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

నేను సుంకమ్మను వద్దనడం లేదు. ఇప్పుడు వద్దంటున్నాను. దానికి పదహారు నిండనీయండి. ఈలోగా కృపమణి టీచరమ్మ బడికి పంపండి. అవ్వకు మీరే నచ్చజెప్పండి, మీ నోటికి ఆ శక్తి ఉంది.

మీ సోమన్న


కోడుమూరు
17 నవంబరు 1929

అల్లుడు సోమన్నకు, నీ ఉత్తరం వల్ల ఇంట్లో పొయ్యి ఆరిపోయిన మద్దయ్య దీవెన.

తప్పు నాదే. నీ ఉత్తరాన్ని మగ్గాల వసారాలో అందరి ముందరా గొంతెత్తి చదివాను. చేపల భాగం వినిపించి నవ్విద్దామనుకున్నాను. మన చీరలమ్మే శేషన్న ఉన్నాడు గదా, యాభై దాటినా పెండ్లి కానివాడు. వాడు లేచి నిలబడి, "అట్లయితే నేను నూటేబై ఏండ్లు బతుకుతా గదప్పా," అన్నాడు. ఆ రోజు నుంచి నిటారుగా నడుస్తున్నాడు. సంతలో ఎవడో, పెండ్లి మానుకున్నవాళ్లకు చావు లేదని సర్కారు కనిపెట్టిందట గదా అని నన్నే అడిగాడు. ఇంతవరకూ బాగానే ఉంది.

మీ అత్త మాత్రం వేరుగా విన్నది. తొందరగా పెండ్లయితే తొందరగా పోతుందని రాశావు గదా, సుంకమ్మకు అల్పాయుష్షని సోమన్న లెక్క కట్టి రాశాడని చెంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. కాదే, చేపల గురించి రాశాడే అంటే, "చేపల గురించి రాసేటోడు వాళ్లమ్మ పేరెందుకెత్తినాడు?" అన్నది.

అవ్వ అన్నం తిన్నాక నన్ను పిలిచి మళ్లీ చదవమన్నది. రెండోసారి చదివించుకొని ఆమె చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ధాత కరువులో మా ఇంట్లో ఏడుమందిమి. నేనొక్కదాన్నే మిగిలినా. ఎందుకు మిగిలినా తెల్సునా? నన్నిచ్చినోళ్ల ఇంట్లో పాతరలో జొన్నలుండె. పెండ్లి చేసినారు కాబట్టి ఆ జొన్నలు నా నోట్లోకొచ్చె. చిన్నపిల్ల, ఇంకా ఆగుదామని మా నాయన అనింటే, నా బొక్కలు కూడా మా చెల్లెండ్ల బొక్కల పక్కనే ఉండు. నన్ను బతికిచ్చింది పెండ్లిరా."

తర్వాత ఇంకోటి అడిగింది. "ఆ చిన్నచేప తొందరపడినందుకు చచ్చెనా, లేకుంటే చావు ఎట్లాగూ వస్తాండాదని తొందరపడెనా? వాన్ని అడుగు. వాళ్ల దొరను అడగమను."

కాబట్టి అడిగి రాయి.

మామ వరసలో నేనూ ఒకటి అడుగుతాను. ఇంత చదువు చెబుతున్నావు గదా, అక్కడ నీకు నచ్చిన పిల్ల ఎవరైనా ఉన్నదా? ఉంటే చెప్పు, నేను కొట్టను. చేపలను అడ్డం పెట్టుకొని మాత్రం మాట్లాడవద్దు.

మద్దయ్య


చెన్నపట్నం
5 జనవరి 1930

మామకు సోమన్న నమస్కారాలు.

ఆలస్యానికి మన్నించండి. అవ్వ అడిగిన ప్రశ్నను దొర ముందు పెట్టడానికి ధైర్యం చాలక ఇన్నాళ్లు పట్టింది. కరువు సంగతితో సహా ఆమె మాటలన్నీ చెప్పాను. ఆయన చేతిలోని పని పక్కన పెట్టి, మీ అవ్వ సరైన ప్రశ్న అడిగింది, నువ్వు తలకిందులుగా రాశావు అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఆగడం వల్ల చేపకు ఆయువు రాదు. చుట్టూ తినేవాళ్లు లేనిది, చావు ఎప్పుడో గాని ముట్టనిది ఆగగలుగుతుంది. రేపు ఉంటానో లేదో అన్నట్టు బతికేది ఆగితే దాని వంశమే ఉండదు. అందుకే తొందరపడుతుంది. ముందున్నది చావు, ఆ వెనక వచ్చేది తొందర. మళ్లీ ఆ తొందర దాని ఒంట్లో సత్తువను తింటుందనీ, ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయనీ అన్నాడు. మొదలు మాత్రం అవ్వ చెప్పినదే.

కాబట్టి మామా, నా వాదం తప్పు. అవ్వ కాళ్లకు మొక్కి చెబుతున్నానని చెప్పండి. ఆమెను పెండ్లి బతికించింది. అది నిజం.

అయినా ఇంకొక్క మాట వినండి. ఏండ్ల తరబడి పెద్ద వలలు పడిన చోట, పట్టిన చేపలు చిన్నచిన్నవే అయినా కడుపు నిండా గుడ్లతో కనిపిస్తాయని దొర దేశపు ముసలి జాలరులు అంటారట. వల లేని చోట అదే జాతి చేప ఇంకా ఆగుతుందట. అవ్వ మీద పడిన వల కరువు. అమ్మ కాలానికి కరువు లేదు, అయినా వల పడినట్టే తొందరపడ్డాము. సుంకమ్మ మీద ఇప్పుడు ఏ వల ఉంది? మీ మగ్గాలు ఆడుతున్నాయి, ఇంట్లో తిండి ఉంది, ఇక్కడ నాకు జీతం ఉంది. ఇంకా వల ఉందని మనమే దాన్ని తరుముతున్నాము.

ఇక్కడ నాకు ఏ పిల్లా లేదు. నా ఒంటి నీచువాసనకు పక్కగదివాడే కిటికీ మూసుకుంటాడు.

మాఘంలో ముహూర్తం పెట్టవద్దు. పెట్టినా నేను రాను.

మీ సోమన్న


కోడుమూరు
9 ఫిబ్రవరి 1930

సోమన్నకు,

రాను అని రాశావు. ఆ ఒక్క మాట నేను గొంతెత్తి చదవలేదు. అయినా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, నేను ఆ పూట ఎవర్నీ ఎగతాళి చేయలేదు కాబట్టి.

అవ్వకు సంక్రాంతి నుంచి దగ్గు. వారం నుంచి మంచం దిగడం లేదు. గంజినీళ్లు తప్ప ఏమీ తీసుకోవడం లేదు. నీ ఉత్తరంలో నువ్వు తప్పు ఒప్పుకున్నావని చదివి వినిపించాను. "ఒప్పుకుంటే రావాల గదా," అన్నది. ఆమెకు వల సంగతి కూడా చెప్పాను. "వల పైకెత్తినారని చేపకు ఎవరు చెప్తారు? నాకెవరూ చెప్పలే," అన్నది.

ఇప్పుడు విను. మైదుకూరులో అవ్వ తమ్ముడి ద్వారా ఒక సంబంధం వచ్చింది. బట్టల వ్యాపారం, నలభై దాటినవాడు, మొదటి భార్య పోయింది. ఇంటి వెనక రెండు పాతరల జొన్నలున్నాయట. అవ్వ విన్నది ఆ చివరి మాట ఒక్కటే. ఫాల్గుణంలో నువ్వు రాకపోతే సుంకమ్మను అతనికి ఇవ్వాలని నాతో చేతిలో చేయి వేయించుకుంది. మెడలో దారం చూడకుండా ప్రాణం విడవనన్నది. పోయే మనిషి అడిగితే నేనేం చేయాలి? నవ్వించి తప్పించుకుందామని చూశాను. ఆమె నవ్వలేదు.

నీ వల్లనే ఇంత దూరం వచ్చింది. వస్తే నీకు భార్య. రాకపోతే వాడికి. చేపలతో జవాబు రాయవద్దు.

మద్దయ్య


చెన్నపట్నం
16 ఫిబ్రవరి 1930

మామా,

మైదుకూరు సంబంధం ఒప్పుకోవద్దు. మీ కాళ్లు పట్టుకొని అడుగుతున్నాను. నాకు సెలవు ఇవ్వలేదు. ఈ కాలంలోనే పడవలు గుడ్లతో ఉన్న చేపలు తెస్తాయి. సెలవు దొరికినా పీట మీద కూర్చోవడానికి రాను, అవ్వను చూడటానికి వస్తాను.

నా మాట రాసి పెట్టుకోండి. సుంకమ్మకు పదహారు నిండిన నాడు నేనే వచ్చి అడుగుతాను. మిమ్మల్ని కాదు, దాన్ని. అది సరేనంటే చేసుకుంటాను, వద్దంటే దానికి నచ్చినచోట నేనే నిలబడి చేయిస్తాను. అవ్వకు ఇంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు.

దయచేసి వెంటనే జవాబు రాయండి.

సోమన్న


చెన్నపట్నం
24 మార్చి 1930

మద్దయ్య గారికి,

మీ జవాబు కోసం నెల పైగా చూశాను. జవాబు శేషన్న తెచ్చాడు. చీరల మూట దించుకొని, "పెండ్లికొడుకు లేని పెండ్లి నా కండ్లతో చూసినానప్పా," అని ఇక్కడి వీధిలో నవ్వుతూ చెప్పాడు.

పందిరి వేశారట. మేళం పెట్టించారట. నేను చిన్నప్పుడు నేర్చుకున్న మగ్గం మీద అటూ ఇటూ పోగు నడిపిన నాడెను పెట్టెలోంచి తీసి, దానికి బాసికం కట్టి, నా బదులు పీట మీద పెట్టారట. అత్త సుంకమ్మ మెడలో తాళి కట్టిందట. వచ్చినవాళ్లకు బెల్లం పప్పు పెట్టారట. రంగు బాగా దిగిన నాడె, మంచి పెండ్లికొడుకు అని అందరూ అన్నారట.

మైదుకూరుకు ఇవ్వనందుకు మీకు దండం పెట్టాలేమో తెలియదు. నాకు చేయి రావడం లేదు. నా మాట అడిగారు, నేను చెప్పాను, మీరు నాడెను అడిగారు. అమ్మకు చేసిందే దానికీ చేశారు. అమ్మకు కనీసం ఎదురుగా ఒక మనిషి కూర్చున్నాడు.

మీరు జీవితమంతా ఊరితో ఆడుకున్నారు. పదకొండేండ్ల పిల్ల మెడతోనూ ఆడుకోగలరని నేను అనుకోలేదు. ఆ తాళి నేను కట్టలేదు, నేను దానికి భర్తను కాను. అవ్వకు నయమైందని కార్డు ముక్క రాయించండి, చాలు. కోడుమూరుకు నేను మళ్లీ రాను.

సోమన్న


కోడుమూరు
2 ఏప్రిల్ 1930

సోమన్నా,

ఇది కార్డు మీద రాసే సంగతి కాదు. కవరుకు లక్క కూడా పెట్టించాను. మన పోస్టుమాస్టరు కార్డు ఏది వచ్చినా పోయినా చదివి సంతలో చెబుతాడని నీకు తెలుసు. ఊరు ఆ పెండ్లిని నమ్మేదాకా కవరును కూడా నమ్మలేకపోయాను, నెలరోజులు నీకు జవాబు రాయకపోవడానికి కారణం అదే. సగం రాస్తే నువ్వు నమ్మవు, మొత్తం రాస్తే ఊరు వింటుంది.

ముందు చెప్పాల్సింది చెబుతాను. అవ్వ పోయింది. పోయిన గురువారం మధ్యాహ్నం, మగ్గాలు ఆడుతుండగానే. చివరిదాకా తెలివిలోనే ఉంది. ఈసారి మా ఇంట్లో ఉగాది లేదు.

శేషన్న చెప్పిందంతా నిజమే. వాడు చూసింది అంతే. వాడు చూడనిది చెబుతాను.

ఆ రోజు మన పురోహితుడికి నాలుగు పందిళ్లున్నాయి. అది తెలుసుకొనే నేను ఆ రోజు పెట్టాను. మన పందిట్లో కూర్చున్న అయ్యవారు ఆళ్లగడ్డ వైపు పగటివేషాలు కట్టేవాడు. జంధ్యం వాడి మూటలోనిదే. వాడు చదివిన మంత్రాలు పదమూడో ఎక్కం నుంచి పంతొమ్మిదో ఎక్కం దాకా, గొంతు తిప్పి, నడుమ నడుమ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు కలిపి. వరుడు రాలేకపోతే పాత జమీందారుల ఇళ్లలో కత్తిని పీట మీద పెట్టేవాళ్లు గదా, నేసేవానికి కత్తి ఎందుకు, నాడె చాలదా అని నేనంటే అందరూ సరేనన్నారు. హోమం లేదు. నీ గోత్రం ఎవరూ చెప్పలేదు. ఏ దేవుడి పేరూ ఎత్తలేదు. నేను మోసం చేసింది మనుషులనే.

మీ అత్తకు మొదటి నుంచీ తెలుసు. పెండ్లిదారానికి మన ఇంట్లో గంజి తగలని నూలు వేరుగా తీసి పెడతారు గదా, అవ్వ తన చేత్తో వడికింది. అది తీయమంటే మీ అత్త ఒప్పుకోలేదు. "అబద్ధానికి ఆ నూలు ఎట్ల పెడతారు?" అన్నది. మగ్గం మీది గంజి నూలు తెంపి, పేని, పసుపు అద్ది, పసుపుకొమ్ము కట్టింది. అట్లా చేస్తే అది తాళి కాదని ఆమె లెక్క.

ఎందుకు చేశానో నీకు చెప్పనక్కర లేదనుకుంటాను. నువ్వు రావు. మైదుకూరువాడు వచ్చి కూర్చున్నాడు. చేతిలో చేయి వేసిన మాట ఒకవైపు, పిల్ల ఒకవైపు. ఊరి కంటికి పెండ్లయిన పిల్లను ఇంకెవడూ అడగడు. మైదుకూరువాడు బెల్లం పప్పు తిని వెళ్లిపోయాడు.

పందిట్లో అయిపోయాక సుంకమ్మను అవ్వ మంచం దగ్గరికి తీసుకుపోయాను. అవ్వకు చూపు ఆనడం లేదు. పిల్లను వంగమని, చేయి చాపి, మెడలో దారాన్ని రెండు వేళ్ల నడుమ పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపింది. అరవై ఏండ్లు నూలు పట్టిన వేళ్లు. ఆమె దీవించలేదు. పిల్లను పోయి అన్నం తినమని, అందర్నీ బయటికి పంపమన్నది. నా మణికట్టు మాత్రం వదల్లేదు.

"ఏమిరా, గంజి నూలు కట్టినారే," అన్నది.

నేను తల వంచుకున్నాను.

"ఆ అయ్యవారు?"

"వేషగాడమ్మా. ఎక్కాలు చదివినాడు."

"నీ పెండ్లికొచ్చినాయన కంటే గొంతు బాగుండాది."

బయట పిల్లలు బెల్లం కోసం కొట్టుకుంటున్నారు. తిట్టమ్మా అన్నాను. ఆమె తిట్టలేదు.

"ఇంట్లో జొన్నలు ఉండాయా?" అని అడిగింది.

"ఉండాయమ్మా. ఈ ఏటికి సాలు."

"వచ్చే ఏటికి?"

"నేస్తా."

"వాన పడకుంటే?"

"సోమన్న ఉండాడు. వాడు పంపుతాడు. నేను అడుక్కొచ్చయినా తెస్తా. దాన్ని పస్తు పెట్టనమ్మా."

"మా నాయనకు ఆ మాట చెప్పేదానికి ల్యాకపాయ," అన్నది. "చెప్పగలిగింటే ఆయనా ఆగును. సుబ్బక్క పెండ్లినాటికి ఇంట్లో ఉండె జొన్నలు. ఉన్నా నేను ఆగల్యా. నాకు ఆగేది తెలీల్యా."

నేను ఆమె చేతిని నా ముఖానికి పెట్టుకున్నాను. ఆమె చేయి లాక్కొని, ఇంట్లో పని చెప్పేటప్పటి గొంతుతోనే చెప్పింది.

"పిల్లకు రోజూ దానికి పసుపు పుయ్యమని చెప్పు. బాగా పట్టిచ్చాల. పసుపు పట్టితే గంజి ఎవరి యేలికీ తగలదు. ఈ వీధి ఆడోళ్లంతా నూలు తెలిసినోళ్లే, జాగ్రత్త."

ఇదే ఆమె నాతో మాట్లాడిన చివరి పెద్ద మాట. తర్వాత వారమంతా చుట్టాలొచ్చి పెండ్లి బాగా చేసినారంట గదా అని అడిగితే, "ఊ, బాగా చేసినారు," అన్నది. నేను ఆమెను మోసం చేశాననుకున్నాను. ఆఖరికి ఆమే నాకోసం ఊరిని మోసం చేసి పోయింది.

సోమన్నా, నువ్వు రాసిన మాటలకు నాకు కోపం లేదు. నువ్వు దానికి భర్తవు కావన్నావు. కావు. అదే నిజం, ఆ నిజం తెలిసినవాళ్లం మన ఇంట్లో ఇప్పుడు నలుగురం. అది పదహారు నిండాక నువ్వు వచ్చి అడుగు. సరేనంటే ఆ రోజు అవ్వ వడికిన నూలు బయటికి తీస్తాము. వద్దంటే ఊరికి చెప్పే కథ నేను కల్పిస్తాను, దానికి నీ దొర సాయం నాకు అక్కరలేదు.

పెద్దదినం వచ్చే ఆదివారం. కూతురి కొడుకువు, నీ చేతి నీళ్లు ఆమెకు అందాలి. సెలవు ఇవ్వకపోతే ఇవ్వకుండానే రా. ఊళ్లో నిన్ను కొత్త అల్లుడని ఆటపట్టిస్తారు. నోరు మూసుకొని పడు, నా కొలువులో అది కూడా ఒక పని.

కృపమణి టీచరమ్మతో మాట్లాడాను. పెండ్లయిన పిల్లను బడికి పంపుతారా అని మన వీధిలో అడిగారు. మొగుడు చేపల ఆఫీసులో ఉన్నాడు, చదువుకోమని ఉత్తరం రాశాడు అన్నాను. సోమవారం నుంచి పోతోంది.

సుంకమ్మకు నిజం చెప్పకుండా ఉండలేకపోయాను. నిన్న దాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను, నాడె సంగతి, ఎక్కాల సంగతి, అవ్వ సంగతి. ఎక్కాల దగ్గర నవ్వింది. అవ్వ దగ్గర ఏడ్చింది. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టుకుంది. ఈ ఉదయం బడికి బయలుదేరేముందు అద్దం ముందు నిలబడి దారానికి పసుపు రుద్దుకుంటూ, "ఇది ఎన్నేండ్లు పుయ్యాల నాయనా?" అని అడిగింది.

ఎవరు ఏమడిగినా నా దగ్గర టక్కున జవాబు ఉంటుందని ఊళ్లో పేరు. దీనికి కాసేపు పట్టింది.

"నీకు సాలనిపిచ్చేదాకా," అన్నాను.

మద్దయ్య